మా ఆవిడ అతివేగం

అరవై దాటి, మోకాళ్ల నొప్పులతో డాబా మెట్లెక్కడం కూడా మానేసిన మా ఆవిడ, మొన్నొక మధ్యాహ్నం 2 గంటల 10 నిమిషాలకు, గంటకు 94 కిలోమీటర్ల వేగంతో ఉప్పల్ నుంచి ఎల్‌బీ నగర్ వైపు దూసుకుపోయింది. నేనంటున్న మాట కాదిది, పోలీసు వారి రికార్డు. తేదీ ఉంది, వేళ ఉంది, నేరం దగ్గర అతివేగం అని ఉంది, పేరు దగ్గర ఆవిడ పేరు ఇంటిపేరుతో సహా ఉంది. ఆ వేళకు ఆవిడ భోంచేసి, ఫ్యాను కింద చాప పరుచుకుని, టీవీలో సీరియల్ మోగుతుండగా గుర్రు పెడుతోంది. ఆ గుర్రుకు కునుకు పట్టక పక్క గదిలో పేపరు పట్టుకు కూర్చున్న ప్రత్యక్ష సాక్షిని నేను. సాక్షి మాట రాసుకోవడానికి మాత్రం ఆ చలాన్‌లో గడి లేదు.

ఉద్యోగమంతా ఆడిట్‌లో చేశాను. ఓచరు లేని ఖర్చును, సంతకం లేని ఓచరును, తేదీ లేని సంతకాన్ని ఒప్పుకోకుండానే రిటైరయ్యాను. కాబట్టి ఈ ఫిర్యాదులో ఆవేశం ఉండదు. ఆవేశం సంగతి మా ఆవిడ చూసుకుంటుంది. నా పని అభ్యంతరాలు రాసిపెట్టడం వరకే.

ముందు కేసు పూర్వాపరాలు. మాకొక బావమరిది ఉన్నాడు. బ్యాంకులో ఊరికే పడి ఉన్న డబ్బును చూస్తే అతనికి నిద్ర పట్టదు, అది ఎవరి డబ్బయినా సరే. "బావా, ఆ ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద వచ్చే వడ్డీ నీ మందులకే చాలదు. ఒక డిజైర్ కొని క్యాబ్‌కు పెట్టు. నువ్వు కుర్చీలోంచి లేవక్కర్లేదు" అన్నాడు. అక్క పేరు మీద కొంటే కలిసొస్తుందని కూడా అన్నాడు. పసుపు ప్లేటు, నల్ల అంకెలు, ముందు బంపరుకు నిమ్మకాయ మిరపకాయల దండ, వెనక అద్దం మీద 'అమ్మ దీవెన' అన్న స్టిక్కరుతో బండి వాకిట్లోకి వచ్చింది. అమ్మంటే మా అత్తగారు. నడపడానికి ఒక కుర్రాడు దొరికాడు. అతని పేరు చెప్పను. ఇంతవరకూ ఏ రికార్డులోకీ ఎక్కని పేరును నేను పత్రికకు ఎక్కిస్తే బాగుండదు.

రోజుకింత అని కిరాయి మాకిస్తాడు. గ్యాసు అతనిది, టైర్లు మావి, రిపేర్లు మావి, ఇన్సూరెన్సు మాది. చలాన్లు ఎవరివన్న సంగతి ఒప్పందం నాడు ఎవరికీ తట్టలేదు. ప్రభుత్వానికి మాత్రం ఆ విషయంలో మొదట్నుంచీ ఏ సందేహమూ లేదు.

చలాన్‌తో వచ్చిన ఫొటోను అలవాటు కొద్దీ భూతద్దం పెట్టి చూశాను. బండి ముందు భాగం కనిపిస్తోంది. నంబరు ప్లేటు చంటిపిల్లలు కూడా చదివేంత స్పష్టంగా ఉంది. దండలోని మిరపకాయలు గాలి వడికి అడ్డంగా లేచి బంపరుకు అతుక్కుపోయాయి, నిమ్మకాయ ఎటో తిరిగిపోయింది. డాష్‌బోర్డు మీద వెంకటేశ్వరస్వామి బొమ్మ అంచు కొంచెం కనిపిస్తోంది. ఆపైన అద్దమంతా ఎండ పడి తెల్లగా మెరుస్తోంది. స్టీరింగు పట్టుకున్నది మా కుర్రాడా, మా ఆవిడా, ఆ స్వామివారేనా అన్నది ఫొటో చూసి తేల్చడం ఎవరి తరమూ కాదు. తేల్చవలసిన అవసరం కూడా ఎవరికీ కలగలేదు. వెయ్యి రూపాయల జరిమానా, పైన 35 రూపాయల యూజర్ చార్జీ వేసి, బండి ఎవరి పేరు మీద ఉందో వారి ఫోన్‌కు పంపించారు.

94 ఎక్కువేనా అంటే, ఎక్కువే. 2023 మే నెలలో నగరానికి కొత్త వేగపరిమితులు పెట్టారు. డివైడరున్న రోడ్డు మీద కార్లకు 60, డివైడరు లేనిచోట 50, కాలనీ రోడ్ల మీద ఏ బండికైనా 30. మా కాలనీలో ఆ మూడో నిబంధనను రోడ్డు మీది గుంటలే చూసుకుంటున్నాయి. అసలు ట్యాక్సీకి వేగం 80 దాటకుండా కట్టడి చేసే పరికరం ఉండాలని కేంద్రం నియమం పెట్టింది. మా బండిని కంపెనీవాళ్లు 80కే బిగించి ఇచ్చారు. 80కి బిగించిన బండి 94లో ఎలా పోయిందన్నది ఆడిట్ వాడికి వెంటనే తోచే ప్రశ్న. చలాన్ వేసినవారికి తోచలేదు. దానికి జవాబు తర్వాత మా వరండాలో దొరికింది.

ఇక చట్టం దగ్గరికి వద్దాం. నా బాధ జరిమానా గురించి కాదు, వెయ్యీ ముప్పై ఐదూ ఎక్కడో సర్దుకుంటాను. జరిమానా కట్టాక ఏం జరగాలో చట్టంలో రాసి ఉంది, అది జరగడం లేదు. అదీ నా అభ్యంతరం.

1988 నాటి మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 19 అని ఒకటుంది. జనానికి ప్రమాదం తెచ్చేలా బండి నడిపేవాడి లైసెన్సును, అతను చెప్పుకునేది విని, కారణాలు కాగితం మీద పెట్టి, లైసెన్సింగ్ అధికారి కొంతకాలం ఆపవచ్చు, లేదా పూర్తిగా రద్దు చేయవచ్చు. ఏయే పనులు అలాంటి ప్రమాదం కిందికి వస్తాయో 1989 కేంద్ర నియమాల్లో 21వ నియమం జాబితా ఇచ్చింది. వేగపరిమితి దాటడం అందులో ఉంది. నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. సుప్రీంకోర్టు వేసిన రోడ్డు భద్రతా కమిటీ, అతివేగానికి కనీసం మూడు నెలలు లైసెన్సు ఆపమని 2015లో రాష్ట్రాలన్నిటికీ రాసింది. 2019 సవరణ వచ్చి, రెండోసారి వేగం మీరితే లైసెన్సు స్వాధీనం చేసుకోమంది. ఇంత పకడ్బందీ నిబంధనలు నా సర్వీసులో నేనెక్కడా చూడలేదు. మంజూరుంది, పద్దుంది, కేటాయింపుంది. ఖర్చు దగ్గర మాత్రం సున్న.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. తాగి నడిపినవాణ్ణి రాత్రిపూట రోడ్డు మీద ఆపి, గొట్టంలోకి ఊదించి, మనిషిని మనిషిగా పట్టుకుంటారు. అందుకే వాడి లైసెన్సు వాడి జేబులోంచి బయటికొస్తుంది. వాడు గోషామహల్‌లోనో బేగంపేటలోనో పెళ్లాన్ని పక్కన కూర్చోబెట్టుకుని కౌన్సెలింగ్ వింటాడు, కోర్టుకు వెళతాడు. వేగాన్ని పట్టేది మనిషి కాదు, కెమెరా. కెమెరాకు ముఖాలు అక్కర్లేదు, అంకెలు చాలు. అంకెలు బండివి. బండి యజమానిది. అత్త మీది కోపం దుత్త మీద చూపించినట్టు, మా కుర్రాడి కాలు చేసిన పనికి మా ఆవిడ ఫోన్ మోగుతుంది.

ఈ లెక్కన అతని లైసెన్సు కడిగిన ముత్యం. నేను నెట్లో ఆ నంబరు కొట్టి చూశాను. ఒక్క మచ్చ లేదు. మా ఆవిడ బండి నంబరు కొడితే మాత్రం ఒక తెర చాలడం లేదు, వేలితో కిందికి జరుపుకుంటూ పోవాలి.

ఇదంతా నవ్వుకుని వదిలేసే సంగతి కూడా కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. అందులో నూటికి 71 మంది పోయింది అతివేగం వల్లేనని అదే నివేదిక చెబుతోంది. ఆ పట్టికను నేను మా ఆవిడకు చదివి వినిపించాను. "నన్నెందుకు అలా చూస్తారు?" అంది.

ఒకప్పుడు మన దగ్గరే దీనికొక మందు కనిపెట్టారు. 2017 ఆగస్టు 1 నుంచి తెలంగాణలో పాయింట్ల పద్ధతి మొదలైంది. తప్పును బట్టి ఒకటి నుంచి ఐదు దాకా పాయింట్లు, రెండేళ్లలో పన్నెండు పోగైతే ఏడాది పాటు లైసెన్సు మూలపడుతుంది. ఆ రోజుల్లో మా వీధి ఆటో డ్రైవర్లు కూడా జనాభా లెక్కల వాళ్లలా వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం చూశాను. అది మనిషికి వేసే లెక్క కదా, కొన్నాళ్లు నడిచింది. తర్వాత ఆ ఊసే లేదు. బండికి వేసే లెక్క మాత్రం దివ్యంగా నడుస్తోంది.

ఎంత దివ్యంగానంటే, దానికి తగ్గింపు అమ్మకాలు కూడా పెట్టారు. 2022 మార్చిలో పెండింగ్ చలాన్ల మీద కార్లకు 50 శాతం, ద్విచక్ర వాహనాలకూ ఆటోలకూ 75 శాతం, తోపుడు బండ్లకు 80 శాతం తగ్గింపు ఇచ్చారు. 2023 డిసెంబరు చివర్లో మళ్లీ ఇచ్చారు. ఈసారి కార్లకు 60, తోపుడు బండ్లకు 90. జనం క్యూ కట్టారు, సర్వర్ మొరాయించింది, గడువు పెంచారు. అప్పట్నుంచి మా కాలనీలో చలాన్ వచ్చిన మరుసటి రోజే కట్టేవాణ్ణి అమాయకుడి కింద జమకడుతున్నారు. మా పక్కింటాయన తన చలాన్లన్నిటినీ పండిన తర్వాత కోయాల్సిన పంటలాగా అలాగే ఉంచాడు. మా ఆవిడా అదే పక్షం. "వెయ్యికి నాలుగొందలు కడితే పోయేదానికి ఇప్పుడే ఎందుకు తొందర?" అంటుంది. తొందర పనికిరాదని చెప్పడానికే ఆ చలాన్ వచ్చిందని ఆవిడకు గుర్తు చేయబోయి ఊరుకున్నాను.

మా అమ్మాయీ అల్లుడూ ఇంగ్లండులో ఉంటారు. వీడియో కాల్‌లో ఈ గోడు వెళ్లబోసుకుంటే అల్లుడు అక్కడి పద్ధతి చెప్పాడు. విన్నకొద్దీ నాకు ఆకలి కూడా వేయలేదు. అక్కడ ట్యాక్సీ నడపాలంటే మామూలు డ్రైవింగ్ లైసెన్సు చాలదట, ఊరి కౌన్సిల్ విడిగా ఇచ్చే లైసెన్సు కావాలి. లండన్ బయట దీనికి ఆధారం 1976 నాటి చట్టం. అతివేగానికి తక్కువలో తక్కువ 100 పౌండ్లు, మూడు పాయింట్లు. ఆ పాయింట్లు మనిషి లైసెన్సు మీద పడతాయి. మూడేళ్లలో పన్నెండైతే బండి నడపడమే నిషేధిస్తారు. పన్నెండు దాకా ఆగకుండా, మధ్యలోనే కౌన్సిల్ వాళ్లు డ్రైవర్ను పిలిపించి ట్యాక్సీ లైసెన్సును మళ్లీ పరిశీలించవచ్చు. ఒక గదిలో బల్లకు అటు కౌన్సిలర్లు, ఇటు డ్రైవరు, అతని పక్కన లాయరు. ఎంత వేగంలో పోయావు, బండిలో ప్రయాణికులున్నారా, మాకెందుకు చెప్పలేదు, ఇంకెన్ని ఉన్నాయి అని అడుగుతారు. ఆపేస్తే 21 రోజుల్లో మెజిస్ట్రేటు కోర్టుకు వెళ్లొచ్చు.

2020లో అక్కడి రవాణా శాఖ ఈ కౌన్సిలర్లకు ఒక ప్రశ్న రాసిచ్చింది. నిర్ణయం తీసుకునే ముందు ఎవరికి వారు వేసుకోవలసిన ప్రశ్న. మీకు కావలసిన మనిషిని, పగలైనా రాత్రైనా, ఒంటరిగా ఇతని బండిలో పంపుతారా? అల్లుడు ఇది చెబుతుంటే మా ఆవిడ టీవీ గొంతు తగ్గించి మరీ వింది.

మరి కెమెరాకు ముఖం కనపడని చిక్కు వాళ్లకూ ఉంది కదా అంటే, ఉంది. బండి యజమానికి కాగితం వస్తుంది. నడిపిందెవరో 28 రోజుల్లో చెప్పాలి. చెప్పకపోతే యజమానికే ఆరు పాయింట్లు. అబద్ధం చెబితే ఇంకా ముప్పు. క్రిస్ హ్యూన్ అని ఒక రాజకీయ నాయకుడు 2003లో వేగంగా పోయి, ఆ పాయింట్లను భార్య విక్కీ ప్రైస్ పేరు మీద వేయించాడు. తర్వాత ఆయన మంత్రయ్యాడు, కాపురం చెడింది, నిజం బయటికొచ్చింది. మంత్రి పదవి పోయింది. 2013 మార్చిలో కోర్టు మొగుడికీ పెళ్లానికీ చెరి ఎనిమిది నెలలు జైలు వేసింది. ఒక మనిషి వేగాన్ని ఇంకో మనిషి ఖాతాలో రాసినందుకు! ఇక్కడ మా కుర్రాడి వేగాన్ని మా ఆవిడ ఖాతాలో రాస్తున్నందుకు ఎవరినీ జైల్లో వేయనక్కర్లేదు. కనీసం ఒకసారి సరిచూడండి మహాప్రభో అంటున్నాను, అంతే.

సరిచూసే దారి మన చట్టంలోనూ ఉంది. సెక్షన్ 133. పోలీసులు అడిగితే బండి యజమాని తన డ్రైవరు పేరూ, చిరునామా, లైసెన్సు వివరాలూ చెప్పి తీరాలి. వాళ్లు అడగలేదు. అడగకుండానే చెబితే నేరం కాదు కదా అని నేనే ఒక లేఖ తయారుచేశాను. విషయం, సందర్భం, జతపరచిన పత్రాలు అన్నీ పద్ధతిగా పెట్టి, మా ఆవిడ చేత సంతకం చేయించి, బండి నడిపినది ఫలానా వ్యక్తి అని, అతని లైసెన్సును సెక్షన్ 19 కింద పరిశీలించవలసిందని రిజిస్టర్ పోస్టులో ఒక ఆఫీసుకు పంపాను. జవాబు రాకపోతే స్వయంగా వెళ్లాను. ఆ సీట్లో ఉన్న కుర్రాడు నా కవరును అటూ ఇటూ తిప్పి చూసి, చాలా మర్యాదగా, "పెద్దవారు, ఇంత దూరం ఎందుకొచ్చారు సార్, ఫోన్లోనే కట్టేసుకోవచ్చు" అన్నాడు. డబ్బు కట్టడానికి కాదు బాబూ, లైసెన్సు గురించి అన్నాను. "లైసెన్సు రెన్యువలా సార్?" అన్నాడు. ఇంటికొచ్చేసరికి మా ఆవిడ ఫోన్లో ఇంకో చలాన్ దిగి ఉంది. సిగ్నల్ దాటిందట.

ఇంక లాభం లేదని ఒక ఆదివారం మా వరండాలోనే సెక్షన్ 19 విచారణ జరిపాం. అధ్యక్షురాలు మా ఆవిడ. కార్యదర్శి నేను. బావమరిది పరిశీలకుడిగా వచ్చి ఇడ్లీల దగ్గర ఆగిపోయాడు. చట్ట ప్రకారం చెప్పుకునే అవకాశం ఇవ్వాలి కాబట్టి కుర్రాడికి ముందు కుర్చీ, తర్వాత కాఫీ ఇచ్చాం. చలాన్ల ప్రింటవుట్లు తేదీల వారీగా బల్ల మీద పేర్చాను.

"ఇవన్నీ నువ్వేనా?" అన్నాను.

"బండి మీదే గద సార్" అన్నాడు.

మొదటి వాదనకే నా పునాది కదిలింది. మా ఆవిడ అందుకుంది. "ఎందుకు నాయనా అంత వేగం?"

"అమ్మా, గుస్స గాకుండ్రి. నేను కావాలని కొడతనా స్పీడు? ఎన్క కూసున్నాయన ఫ్లైట్ ఉన్నది అన్నా, జర తొక్కు అంటడు. తొక్కకుంటె నాకు ఒక్క స్టార్ ఇస్తడు. తొక్కితె మీకు చలాన్ వస్తది. స్టార్ పోతె నాకు బుకింగ్‌లు బంద్. మీకైతె చలాన్ ఒక్కటే. జర మీరే ఆలోచించుండ్రి."

ఇంత నిజాయతీగా లాభనష్టాల పట్టీ నా ముందు ఎవరూ పెట్టలేదు. అతను చెప్పినదాంట్లో విషయం ఉందని కార్యదర్శిగా నమోదు చేశాను. ఇవాళ ఈ ఊళ్లో ట్యాక్సీ డ్రైవరు పనితనాన్ని ప్రతి ప్రయాణం చివరా పరిశీలించే అధికారి ఒక్కడే. వెనక సీట్లో కూర్చున్న ప్రయాణికుడు. ఆయనకు ఫ్లైట్ అందితే ఐదు నక్షత్రాలు. 60లో వెళ్లి ఫ్లైట్ తప్పించిన డ్రైవరుకు ఐదిచ్చిన మహానుభావుణ్ణి నేనింతవరకూ కలవలేదు. ట్రిప్పులు ఇన్ని దాటితే యాప్ వాడిచ్చే ఇన్సెంటివ్ ఒకటి. ఒక డ్రైవరు రోజుకు 12 గంటలకు మించి యాప్‌లో ఉండకూడదని కేంద్రం 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. మా కుర్రాడి ఫోన్లలో ఒక్కోదాంట్లో ఒక్కో యాప్ మోగుతుంటుంది. గంటలు లెక్కపెట్టేవాడు వాటన్నిటినీ ఎప్పుడు కూడతాడో!

"80కి లాక్ ఉన్న బండి కదా, 94 ఎలా పోయింది?" అని నా ప్రధాన అభ్యంతరం బయటపెట్టాను.

"లాక్ తీయించిన గద సార్."

"ఎవరినడిగి?"

"మీ బండి మంచికే సార్. ఎనభై కాంగనే బండి గుంజదు. ఓవర్‌టేక్ నడుమ ఆగిపోతె, ఎదురుంగ లారీ వస్తె, పోయేది మీ బండే గద. ల్యాప్‌టాప్ వెట్టి తీస్తరు, పది నిమిషాల పని. పైసలు గూడ నేనే ఇచ్చిన. మిమ్మల్ని అడగలే."

మా బండి క్షేమం కోసం సొంత డబ్బు ఖర్చుపెట్టిన మనిషిని ఏమనాలో అధ్యక్షురాలికి తోచలేదు. లోపల్నుంచి బావమరిది మాత్రం, "మంచి పని చేశాడు బావా, పికప్ లేకపోతే డిజైర్ వేస్టు" అన్నాడు.

చివరికి కుర్రాడు పర్సు తీసి లైసెన్సు బల్ల మీద పెట్టాడు. అంచులు కూడా అరగని కార్డు. "ఇగో సార్. నంబర్ నెట్ల కొట్టి చూడుండ్రి. ఒక్క చలాన్ చూపెట్టుండ్రి, ఇప్పుడే బండి తాళం ఇచ్చి పోత."

చూపెట్టలేకపోయాను. విచారణ వాయిదా పడింది.

మా ఆవిడ మాత్రం అతను బండి తీస్తుండగా గేటు దాకా వెళ్లి, "మీ చెల్లెలు డిగ్రీ చదువుతోందన్నావు కదూ. రాత్రి పది దాటాక ఆ పిల్లను నీలాగా నడిపేవాడి బండిలో ఒక్కదాన్నే పంపుతావా?" అని అడిగింది. అల్లుడి పాఠం ఆవిడకు బాగా ఎక్కింది.

"నేనైతె మెట్రోల రమ్మంటనమ్మా" అన్నాడు.

ఈ విచారణ ఫలితంగా ఏదైనా మారిందా అంటే, నెల తిరక్కుండా కుర్రాడే మళ్లీ వచ్చాడు, ఈసారి మిఠాయి డబ్బాతో. స్కూలు బస్సు మీద డ్యూటీ దొరికేట్టుందట. క్యాబ్ కన్నా జీతం నిలకడ. హెవీ లైసెన్సు ఎప్పట్నుంచో ఉంది, మా దగ్గరికి రాకముందు ఏళ్ల తరబడి టిప్పరు తోలాడు. స్కూలువాళ్లు లైసెన్సు జిరాక్సు తీసుకుని, నెట్లో చూసి, చాలా క్లీన్‌గా ఉందని మెచ్చుకున్నారట. ఇక కావలసిందల్లా ఇదివరకటి ఓనరు ఇచ్చే ఒక కాగితం.

ఈ విషయంలో నేను కొంత చదువుకున్నాను. ఢిల్లీ రోడ్ల మీద పిల్లల బస్సుల గురించి 1997లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు గట్టి ఆదేశాలిచ్చింది. పిల్లల బస్సు నడిపేవాడికి భారీ వాహనాల మీద ఐదేళ్ల అనుభవం ఉండాలి. సిగ్నల్ దాటడం లాంటివి ఏడాదికి రెండుకు మించకూడదు. అతివేగం చలాన్ అయితే ఒక్కటి కూడా ఉండకూడదు. ఈ కొలత పట్టుకుని చూస్తే మా కుర్రాడిలో వంక పెట్టడానికి లేదు, నిక్షేపంగా బస్సెక్కవచ్చు. మా ఆవిడకు మాత్రం ఈ జన్మలో స్కూలు బస్సు నడిపే యోగం లేదు. సంగతి చెబితే ఆవిడ కొంచెం నొచ్చుకుంది కూడా.

కాగితం నేనే రాశాను. "ఇతను మా బండి నడిపిన కాలంలో ఇతని లైసెన్సు మీద ఒక్క చలాన్ కూడా నమోదు కాలేదని ధ్రువీకరించడమైనది. అదే కాలంలో అదే బండి మీద నమోదైన చలాన్ల జాబితా, ఫొటోలతో సహా, అనుబంధం ఒకటిగా జతపరచడమైనది. వేగం లాక్ వివరాలు అనుబంధం రెండులో చూడగలరు." ఒక్క అక్షరం అబద్ధం లేదు. కింద మా ఆవిడ సంతకం చేసింది.

కుర్రాడు మొదటి వాక్యం చదివి, "థ్యాంక్స్ సార్" అని నా కాళ్లకు దణ్ణం పెట్టబోయాడు. తర్వాత పేజీ తిప్పాడు. మిరపకాయలు అడ్డంగా లేచిన ఫొటో మీద అతని వేలు ఆగింది.

"ఈ ఎన్క కాగితాలు లేకుండ ఇయ్యరా సార్?"

"ఇవన్నీ నావేనని ఒక కాగితం రాసి సంతకం పెట్టు, జరిమానా మొత్తం కట్టు. ఆ రసీదులు స్కూలుకు కూడా పంపుతాను" అంది అధ్యక్షురాలు.

అతను జాబితా కింద కూడిక చూసుకున్నాడు. పెదవులు కదుపుతూ ఇంకోసారి కూడాడు. నా కూడికలో తప్పు దొరకదు.

"డిస్కౌంట్ మల్ల ఎప్పుడు వెడతరు సార్?" అన్నాడు.